ముగ్గుపిండి గీసిన పల్లె పటం

వాతావరణ మార్పును ఎదుర్కొనే పనిలో విద్యార్థులను దించడానికి ప్రతి విశ్వవిద్యాలయమూ కొత్త కోర్సు పెట్టనక్కర్లేదు. బీఎస్సీ అగ్రికల్చర్ చివరి ఏడాదిలో అందుకు పనికొచ్చేది ఒకటి ఎన్నాళ్లుగానో ఉంది. విద్యార్థులు కొన్ని వారాలు పల్లెలో ఉండి, రైతు వెంట పొలానికి వెళ్లాలి. దీన్ని 'రావెప్' (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) అంటారు. 2015లో దేశవ్యాప్తంగా మొదలైన 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమంలో ఇదీ భాగమే. 1961లో ఏర్పడి, ఇప్పుడు ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కింద ఉన్న తిరుపతి వ్యవసాయ కళాశాల విద్యార్థులకూ ఇది తప్పనిసరి.

చిత్తూరు జిల్లా ఐరాల లాంటి మండలంలో వాతావరణ మార్పును ఎవరూ డిగ్రీల్లో చెప్పరు. జూన్, జూలైలలో అదునుకు వాన పడిందా, చెనక్కాయ (వేరుశనగ) ఊడలు దిగేటప్పుడు బెట్ట వచ్చిందా అన్నదే లెక్క. బెట్టే కాదు, 2021 నవంబరులో అదే జిల్లాను వరదలూ ముంచెత్తాయి.

పల్లెలో విద్యార్థుల మొదటి పని పటం గీయడం. రచ్చబండ ముందు నేల ఊడ్చి, ముగ్గుపిండితో వీధులు, రంగుపొడులతో చేలు, చెరువు వేస్తారు. గీత తప్పితే పెద్దవాళ్లు ఊరుకోరు. చేతికర్రతో చెరిపి, పూడిపోయిన వంక ఎటు పారేదో, మరవ ఎక్కడుండేదో చూపిస్తారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకని పాఠం ఇదే. తర్వాత మట్టి నమూనాలు. చేనంతా అటూ ఇటూ తిరుగుతూ జానెడు లోతు గుంటలు తీసి, అంచు నుంచి చెక్కిన మన్నంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి తీసేస్తూ అరకిలో మిగుల్చుతారు. పరీక్షలో సేంద్రియ కర్బనం తక్కువని తేలితే, ఆ నేల వాన నీటినీ ఎక్కువ రోజులు పట్టి ఉంచలేదన్నమాట.

రైతుకు చెప్పడానికి విద్యార్థి దగ్గరా సరుకుంటుంది: మంగళ, శుక్రవారాల వాతావరణ సలహాలు, తిరుపతి పరిశోధన స్థానం తెచ్చిన, బెట్టను తట్టుకునే 'ధరణి' వేరుశనగ, అదును దాటితే వేసుకోదగ్గ ఉలవ. నేలను ఖాళీగా ఉంచకుండా తొలకరికి ముందే నవధాన్యాలు చల్లే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ ప్రకృతి సేద్య కార్యక్రమం వ్యాప్తి చేస్తోంది. ఆ కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారం వచ్చింది.

రావెప్‌లో లోపం ఆఖర్లో ఉంది. గడువు తీరగానే పటం రికార్డు పుస్తకంలోకి, పుస్తకం మార్కుల్లోకి వెళ్లిపోతే ఊరికి మిగిలేది చెరిగిన ముగ్గే. నకలు ఒకటి ఊరి రైతు సేవా కేంద్రంలో ఉంచితే, మరుసటి ఏడాది వచ్చే పిల్లలు అక్కణ్నుంచే మొదలుపెట్టవచ్చు.