లక్ష్య సాధనకు నాలుగు ప్రశ్నలు

రాయ్‌పూర్‌లో ‘కోచింగ్’ అనగానే పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలే గుర్తుకు వస్తాయి. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్, బ్యాంకు, రైల్వే ఉద్యోగాల కోసం ఛత్తీస్‌గఢ్ నలుమూలల నుంచి యువత ఈ నగరానికి చేరుతోంది. రైల్వే కొలువులతోనూ, సమీపంలోని భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగాలతోనూ వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలూ వీరిలో ఉన్నారు. 2018లో ప్రారంభమైన ఇక్కడి నలందా పరిసర్ గ్రంథాలయం వీరికోసం రేయింబవళ్లు తెరిచే ఉంటుంది. చదువుకునే చోటు, పుస్తకం, పాఠం లభిస్తున్నాయి. అయితే ‘ఈ పరీక్ష ఎందుకు రాస్తున్నాను? ఈ వారం ఏం చేయాలి?’ అనే ప్రశ్నలకు అభ్యర్థి తానే సమాధానం వెదుక్కోవాలి. అందుకు తోడ్పడే ప్రక్రియే వ్యక్తిగత కోచింగ్.

అధ్యాపకుడు పాఠం చెబుతాడు. అనుభవజ్ఞుడు సలహా ఇస్తాడు. వ్యక్తిగత కోచ్ ప్రధానంగా ప్రశ్నలు అడుగుతాడు. ఎవరో చెప్పిన పనికంటే తాను ఆలోచించి నిర్ణయించుకున్న పనికి మనిషి ఎక్కువగా కట్టుబడతాడన్న విశ్వాసమే ఈ పద్ధతికి ఆధారం.

‘గ్రో’ నమూనా

1980వ దశకంలో బ్రిటన్‌లో రూపుదిద్దుకున్న ‘గ్రో’ నమూనాకు జాన్ విట్‌మోర్ 1992లో వెలువరించిన గ్రంథంతో విస్తృత ప్రచారం లభించింది. ఇందులోని అంశాలు నాలుగు: లక్ష్యం, వాస్తవ స్థితి, ప్రత్యామ్నాయాలు, సంకల్పం.

రెండుసార్లు ప్రిలిమ్స్ దాటలేకపోయిన అభ్యర్థినే ఉదాహరణగా తీసుకుందాం. ‘ఏం సాధించాలనుకుంటున్నారు?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఇప్పుడు ఎక్కడ ఉన్నారు? గత నమూనా పరీక్షల్లో ఏ విభాగంలో మార్కులు తగ్గాయి?’ అన్నది రెండవది. ‘ఏయే మార్గాలు ఉన్నాయి? ఇంకేమైనా ఉన్నాయా?’ అన్నది మూడవది. ‘వీటిలో దేనిని, ఏ రోజు మొదలుపెడతారు?’ అన్నది చివరిది. చాలామంది మొదటి ప్రశ్న నుంచి నేరుగా చివరి ప్రశ్నకు దూకుతారు. వాస్తవ స్థితిని పరిశీలించకుండా వేసుకున్న ప్రణాళిక వారం తిరగకుండానే మూలపడుతుంది.

ర్యాంకు, రోజువారీ పని

లక్ష్యం నిర్దిష్టంగా, కొలవదగినదిగా, గడువుతో కూడినదిగా ఉండాలని చెప్పే ‘స్మార్ట్’ సూత్రాన్ని జార్జ్ డొరాన్ 1981లో ప్రతిపాదించారు. ‘బాగా చదవాలి’ అనుకోవడం కంటే ‘ఆదివారంలోగా రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కుల అధ్యాయం పూర్తిచేసి, యాభై ప్రశ్నలు సాధించాలి’ అనుకోవడం మేలు.

ర్యాంకు పూర్తిగా అభ్యర్థి చేతిలో ఉండదు. ఖాళీల సంఖ్య, పోటీదారుల ప్రతిభ, ప్రశ్నపత్రం తీరు దానిని నిర్ణయిస్తాయి. రోజువారీ సాధన మాత్రం చాలావరకు అతని చేతిలోనే ఉంటుంది. అందుకే ఫలిత లక్ష్యానికి తోడుగా సాధన లక్ష్యం కూడా ఉండాలి. ‘ఫలానా సమయం అయితే ఫలానా పని చేస్తాను’ అని ముందే నిశ్చయించుకుంటే ఆచరణ మెరుగుపడుతుందని మనస్తత్వవేత్త పీటర్ గోల్‌విట్జర్ పరిశోధనలు వెల్లడించాయి. ‘రాత్రి భోజనం కాగానే గంటసేపు లెక్కలు చేస్తాను’ అనుకోవడం అటువంటిదే.

తల్లిదండ్రులు అడిగే తీరు

‘ఎందుకు చదవలేదు?’ అంటే పిల్లలు సంజాయిషీ వెదుక్కుంటారు. ‘ఏం అడ్డొచ్చింది?’ అంటే అసలు ఇబ్బంది బయటపడుతుంది. ‘ఇది ఎవరి కోరిక? ఎంతకాలం ప్రయత్నిద్దాం? ఆ తరువాత ఏ దారి?’ అన్న సంభాషణ కూడా తొలినాళ్లలోనే జరగడం మంచిది. ఏళ్ల తరబడి పరీక్షలు రాస్తున్నవారికి ఈ స్పష్టత ఎంతో అవసరం.

పరిమితులు

కొత్త విషయం నేర్చుకుంటున్న దశలో కఠినమైన మార్కుల లక్ష్యం కంటే, ఆ విషయాన్ని అవగాహన చేసుకునే లక్ష్యమే ఉపకరిస్తుందని లక్ష్య నిర్ధారణ సిద్ధాంతకర్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ వివరించారు. లక్ష్యం చేరలేదంటే మనిషి విఫలుడని అర్థం కాదు. ప్రణాళికను సవరించుకోవాలని మాత్రమే.

కోచింగ్ వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. నిద్రలేమి, తీవ్ర నిరాశ, బతుకు మీద విరక్తి వంటివి కనిపిస్తే వెంటనే వైద్యసాయం పొందాలి. కేంద్ర ప్రభుత్వ ‘టెలి మానస్’ సహాయ కేంద్రం 14416 నంబరులో 24 గంటలూ ఉచితంగా అందుబాటులో ఉంటుంది.