మాసిన బట్టలూ, ఇంటి గుట్టూ: ఒక ఇంగ్లీషు జాతీయం

ఇంగ్లీషులో 'వాషింగ్ డర్టీ లినెన్ ఇన్ పబ్లిక్' అనే జాతీయం ఒకటి ఉంది. పత్రికల్లోనూ సంభాషణల్లోనూ తరచుగా కనిపిస్తుంది. మాటకు మాట తెలుగు చేస్తే 'మాసిన బట్టలను నలుగురిలో ఉతకడం' అవుతుంది. కాని ఈ తెలుగు వాక్యం విన్నవారికి అసలు భావం స్ఫురించదు. ఎందుకు స్ఫురించదో, దానికి బదులుగా మనకున్న మాటలేవో, వాటిలో ఏది ఎక్కడ తగునో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పై చదువుల్లో ఇంగ్లీషు అనే మూడింటి మధ్య పెరిగే విద్యార్థులను దృష్టిలో ఉంచుకొని, కొన్ని ఉదాహరణలను కోలారు సీమ నుంచి తీసుకున్నాం.

ముందుగా ఇంగ్లీషు అర్థం చూద్దాం. లినెన్ అంటే అవిసె నారతో నేసిన బట్ట. ఒకప్పుడు లోదుస్తులూ పక్కదుప్పట్లూ ఆ బట్టతో కుట్టేవారు కనుక, ఒంటిని అంటిపెట్టుకొని ఉండే బట్టలన్నిటికీ అదే పేరయింది. అవి మాసి పరాయివారి కంట పడడం నామోషీ. మాసిన బట్టలు ఇంటివాళ్ళ మధ్యనే ఉతుక్కోవాలనే సామెత ఫ్రెంచిలోనూ ఉంది. ఇంగ్లీషులో ఈ జాతీయం 19వ శతాబ్దంలో స్థిరపడింది. అమెరికాలో లినెన్‌కు బదులు లాండ్రీ అని, ఉతకడానికి బదులు ఆరవేయడం అని కూడా అంటారు. భార్యాభర్తల కలహం, అన్నదమ్ముల ఆస్తి తగాదా వంటి సొంత విషయాలను పదిమందిలో పెట్టడం దీని అర్థం. తరువాత రాజకీయ పార్టీలకూ కంపెనీలకూ కూడా వ్యాపించింది. ఒక్క సంగతి గమనించాలి. దీన్ని మెచ్చుకోలుగా ఎవరూ వాడరు. బట్ట మాయడం కంటే బయట ఉతకడమే పెద్ద తప్పన్న ధ్వని ఇందులో ఉంది.

ఈ పోలిక మనకు ఎందుకు నప్పదు? మన ఊళ్ళలో బట్టలుతకడం నాలుగు గోడల మధ్య జరిగే పని కాదు. చెరువుగట్టునో ఏటి ఒడ్డునో రేవు ఉండేది. ఇంటింటి మూట అక్కడికే చేరేది. కోలారు జిల్లా చెరువులకు పేరుపడ్డ సీమ. అక్కడి పల్లెల్లో నలుగురి ఎదుట బట్టలుతకడం రోజూ కనిపించేదే. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. పైగా తెలుగులో 'చాకిరేవు పెట్టాడు' అంటే గట్టిగా చీవాట్లు పెట్టాడని అర్థం. 'ఉతికి ఆరేశాడు' అన్నా ఇంచుమించు అంతే. కనుక మాటకు మాట అనువదిస్తే అర్థం అందకపోవడమే కాదు, మరో అర్థం వచ్చి కూర్చుంటుంది.

మన భాషలో ఈ భావానికి మాటలు తక్కువేమీ లేవు. అయితే అవన్నీ ఒకటి కావు. 'గుట్టు రట్టు చేయడం' అన్నప్పుడు బయటపెట్టిన మనిషి మీద దృష్టి ఉంటుంది. 'వీధికెక్కడం', 'రచ్చకెక్కడం' అన్నప్పుడు తగవులాడుకునే ఇరుపక్షాలూ కనిపిస్తాయి. రచ్చ అంటే ఊరివాళ్ళు కూడే చోటు. రచ్చబండలో ఉన్నది ఆ మాటే. 'పరువు బజారున పడింది' అన్నప్పుడు పడేసినదెవరో చెప్పనక్కరలేదు, నష్టమే ముఖ్యం. 'కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది' అన్నది బాధపడేవారు తమ నోటితో తాము అనుకునే మాట. చెప్పుకుంటే తమవాళ్ళకే తలవంపులని దాని భావం. 'వీధిన పడ్డారు' అన్నది మాత్రం వేరు. దిక్కులేనివారయ్యారని దాని అర్థం. వీధికెక్కడానికీ వీధిన పడడానికీ విద్యార్థులు తేడా తెలుసుకోవాలి.

కన్నడం చదివేవారికి ఇక్కడొక సౌలభ్యం ఉంది. గుట్టు రట్టు చేయడం ఆ భాషలోనూ ఉంది. ఇంటి తగవు బయటికి వస్తే కన్నడిగులు 'బీది రంప' అంటారు. బీది మన వీధే.

కనుక పార్టీ నాయకుల గురించిన ఇంగ్లీషు వార్తను 'తమ లోపలి తగాదాలతో రచ్చకెక్కారు' అని తెలుగు చేయవచ్చు. ఒక తల్లి కొడుకును వారించే సందర్భమైతే 'మన ఇంటి గుట్టు నలుగురిలో ఎందుకురా?' అంటే చాలు.

'ఇంటి గుట్టు లంకకు చేటు' అనే సామెత దగ్గర కొంచెం ఆగాలి. విభీషణుడు శత్రువు వైపు చేరి లంక రహస్యాలు చెప్పడం వల్ల లంకకు చేటు వచ్చిందని దీని తాత్పర్యం. కాని కథలో విభీషణుడు మొదట అన్నకు నిండు సభలో హితవు చెప్పాడు. వినకపోగా అవమానిస్తేనే వెళ్ళిపోయాడు. సామెత గుట్టు విప్పినవాణ్ణి తప్పుపడుతుంది, కథ తప్పు చేసినవాణ్ణి చూపిస్తుంది. ఈ రెండింటి మధ్య ఎడం ఉంది.

ఆ ఎడాన్ని మరింత స్పష్టంగా చూపే ఊరు ఆవని. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకాలో ఉంది. నొళంబుల కాలపు రామలింగేశ్వర ఆలయాలకు ప్రసిద్ధి. వాల్మీకి ఆశ్రమం అక్కడే ఉండేదనీ, సీత లవకుశులను అక్కడే కన్నదనీ స్థలపురాణం. కొండ మీద సీత గుడి ఉంది. సీత అడవికి రావడానికి కారణం ఒక చాకలి మాట అని మనలో చాలామంది ఎరుగుదురు. 1963 నాటి లవకుశ చిత్రంలోనూ అదే కథ. వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో మాత్రం చాకలి లేడు. రాముడు అడిగితే, పురజనులు అనుకుంటున్న మాటను చెప్పినవాడు భద్రుడు. జనమంతా అన్న మాట జానపదుల కథలో ఒక చాకలి మీదికి వచ్చింది.

ఏ కథ తీసుకున్నా సీత తన గుట్టును ఎక్కడా విప్పలేదు. ఆమె బతుకును వీధిలో పెట్టింది లోకం. ఇక్కడ డర్టీ లినెన్ జాతీయం చెల్లదు. మన భాషలో దీనికి లోకాపవాదు అనే మాట వేరే ఉంది.

ఈ తేడా నిఘంటువుతో తీరిపోయేది కాదు. దెబ్బలు తిన్న ఇల్లాలు నోరు విప్పితే 'ఇంటి సంగతి వీధిలో పెడతావా?' అనేవారు ఇప్పటికీ ఉన్నారు. గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే 2005 నాటి చట్టం, 2006 అక్టోబరు నుంచి అమలులోకి వచ్చి, అలాంటి మాట బయట చెప్పుకోవడాన్ని హక్కు చేసింది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి పుట్టస్వామి వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. గోప్యత ముసుగులో పురుషాధిక్యాన్ని కప్పిపుచ్చరాదన్న హెచ్చరిక కూడా ఆ తీర్పులోనే ఉంది.

కనుక ఈ జాతీయం ఎదురైనప్పుడు అనువాదకులు రెండు ప్రశ్నలు వేసుకోవాలని మా సూచన: ఆ విషయం ఎవరిది? దాన్ని బయటపెట్టినది ఎవరు? తనది కాని విషయాన్ని బయటపెట్టినవారిని గుట్టు రట్టు చేశారనవచ్చు. ఇద్దరూ కలిసి అల్లరి చేసుకుంటే వీధికెక్కారనవచ్చు. తనకు జరిగిన అన్యాయాన్ని తాను చెప్పుకున్నవారి విషయంలో మాత్రం ఈ రెండూ తగవు. 'మొర పెట్టుకుంది' అన్న మాట మనకు ఉంది. అక్కడ దాన్నే వాడాలి.