ఒట్టు పెట్టిస్తే సరిపోదు

2020 మార్చి ఆఖరు. లాక్‌డౌన్ పడింది, వైన్ షాపులు, కల్లు దుకాణాలు మూతపడ్డాయి. కొద్ది రోజుల్లోనే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీ కిక్కిరిసిపోయింది. వణుకుతున్నవాళ్లను, పొంతన లేకుండా మాట్లాడుతున్నవాళ్లను, ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కున్నవాళ్లను ఇంట్లోవాళ్లు పట్టుకొచ్చారు. నిజామాబాద్ ఈ దృశ్యాన్ని 2015లోనే చూసింది. అప్పుడు కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. డైజిపామ్, ఆల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడ్డ జనం అది దొరక్క ఆసుపత్రుల పాలయ్యారు.

తాగితే ఆరోగ్యం పాడవుతుందని ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఉన్నపళంగా మానేసినా ప్రాణం మీదికి రావచ్చని మాత్రం చాలా ఇళ్లలో తెలియదు.

ఏళ్ల తరబడి మద్యం మెదడును మందగింపజేస్తుంటే, దాన్ని తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది. మందు ఆగినా ఆ జోరు ఆగదు. కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటాక కొందరికి గోడల మీద లేని పురుగులు కనిపిస్తాయి, కన్నకొడుకునే పోల్చుకోలేరు. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితిలో వైద్యం అందకపోతే చనిపోవచ్చు. ఆసుపత్రిలో చేరిస్తే మెదడును శాంతపరిచే మాత్రలు ఇచ్చి, వాటి మోతాదు రోజురోజుకూ తగ్గించుకుంటూ, థయామిన్ (విటమిన్ బి1) కూడా ఇచ్చి గట్టెక్కిస్తారు.

మన ఇంటి వైద్యం వేరు. పిల్లల తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తాం. పెళ్లి చేస్తే దారికొస్తాడంటాం (పాపం, ఆ పిల్ల ఏం చేసిందని!). అయ్యప్ప మాల వేయిస్తాం. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టనివాడు మాల తీసిన రాత్రే సీసా పట్టుకుంటే, భక్తి లేదని తిడతాం. ఇవన్నీ ఒక ఎత్తు, ‘వారికి తెలియకుండానే తాగుడు మాన్పిస్తాం’ అనే గోడ ప్రకటనలు ఒక ఎత్తు. మద్యం ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ మాత్ర పొడిచేసి పప్పులో కలిపి పెడితే, సంగతి తెలియని మనిషి తాగి వస్తాడు. ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బు ఉంటే అంతే సంగతులు. ఆ మాత్ర వాడేవాడికి చెప్పి, డాక్టర్ పర్యవేక్షణలో ఇవ్వాల్సిందే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మరుసటేడు సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లకే ఆ నిషేధం సడలింది. దుకాణం మూయడం గురించి మనం మాట్లాడినంతగా మనిషికి వైద్యం గురించి మాట్లాడలేదు. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోందని 2019లో ఎయిమ్స్ జాతీయ సర్వే తేల్చింది.

తాగుడు వెనక దిగులో, భయమో, నిద్రలేమో ఉంటే దాన్నీ చూడాలి. మానినవాడు మళ్లీ మొదలుపెడితే, షుగర్ మళ్లీ పెరిగినప్పుడు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లినట్టే తీసుకెళ్లాలి. ఫిట్స్ వస్తే 108కి చేయండి. వ్యసన విముక్తికి 14446, మానసిక సాయానికి టెలీ మానస్ 14416. డబ్బు ఖర్చు లేదు, టెలీ మానస్‌తో తెలుగులో మాట్లాడవచ్చు. తాగే మనిషి వైద్యానికి రానంటే, ముందు మీరే ఫోన్ చేయండి.