టెర్మినల్ ఆధారిత దత్తాంశ విశ్లేషణకు కనీస గ్రాఫికల్ పరిసర నిర్మాణం

క్షేత్ర ప్రయోగాల దత్తాంశ విశ్లేషణలో అధిక భాగం పాఠ్య రూపంలోనే సాగుతుంది. ఆర్ భాషలో ఆదేశాలు రాయడం, ఫలితాల పట్టికలు చదవడం, విశ్వవిద్యాలయ సర్వర్‌తో దూరం నుంచి అనుసంధానం కావడం టెర్మినల్ విండోలో జరిగే పనులే. ర్యాండమైజ్డ్ బ్లాక్ డిజైన్‌లో వేసిన ఒక ప్రయోగాన్ని విశ్లేషించడానికి ఒక గిగాబైటు మెమరీ గల పాత కంప్యూటరు చాలు. అట్టి యంత్రం మెమరీని డెస్క్‌టాప్, దాని వెంట నడిచే అనుబంధ ప్రోగ్రాములు ఆక్రమించినందువల్లనే అది పనికిరానిదిగా మూలకు చేరుతున్నది.

గ్రాఫికల్ పరిసరం పూర్తిగా లేకుండా, లినక్స్ అందించే పాఠ్య కన్సోల్‌తోనే సరిపెట్టుకోవచ్చు కదా అనే ప్రశ్న సహజం. కన్సోల్ అక్షర సమితిలో 512 ఆకృతులకు మించి ఇమడవు. తెలుగు వత్తులను, గుణింతాలను కలిపి చూపే ఏర్పాటు అందులో లేదు. ఆర్ గీసిన గ్రాఫ్‌ను పక్కనే విండోలో చూడటం కూడా కుదరదు. కనుక కొంత గ్రాఫికల్ పరిసరం అవసరమే. ఎంత అన్నదే నిర్ణయించుకోవలసిన విషయం.

1984లో ఎమ్‌ఐటీలో మొదలై, 1987లో పదకొండవ రూపానికి చేరిన ఎక్స్ విండో వ్యవస్థ ఇందుకు అనుకూలం. తెర, కీబోర్డు, మౌస్‌లను ఎక్స్ సర్వర్ చూసుకుంటుంది. విండోలను ఎక్కడ నిలపాలి, ఏ అంచు గీయాలి అనే విధానం దానిది కాదు. అది విండో మేనేజర్ అనే వేరొక ప్రోగ్రాము పని. ఈ విభజన వల్లనే వ్యవస్థను ఇంత చిన్నదిగా కుదించగలుగుతున్నాము. సర్వర్, విండో మేనేజర్, టెర్మినల్: ఈ మూడూ ఉంటే చాలు. నిజానికి విండో మేనేజర్ లేకున్నా పని నడుస్తుంది. ఏ సూచనా ఇవ్వకుండా ఎక్స్ఇనిట్‌ను నడిపితే తెర మూలన ఒక్క ఎక్స్‌టర్మ్ తెరుచుకుంటుంది. దానికి అంచులుండవు, జరపడానికి వీలుండదు. విద్యార్థులు ఒకసారి ఈ స్థితిని చూడటం మంచిది. ఏ భాగం ఏ పని చేస్తున్నదో అప్పుడు స్పష్టమవుతుంది.

అమరిక అంతా హోమ్ డైరెక్టరీలో, పేరుకు ముందు చుక్క గల ఎక్స్ఇనిట్‌ఆర్‌సి అనే చిన్న ఫైలులో ఉంటుంది. స్టార్ట్‌ఎక్స్ ఆదేశం దీనిని పై నుంచి కిందికి వరుసగా అమలు చేస్తుంది. ఫైలు ముగిసిన క్షణమే సర్వర్ కూడా ఆగిపోతుంది. అందువల్ల టెర్మినళ్లను తెరిచే పంక్తుల చివర ఆంపర్సాండ్ గుర్తు ఉంచి వాటిని నేపథ్యంలోకి పంపాలి. విండో మేనేజర్‌ను పిలిచే చివరి పంక్తికి మాత్రం ఆ గుర్తు ఉండరాదు. అన్ని పంక్తులకూ గుర్తు పెడితే తెర ఒక్కసారి మెరిసి మూసుకుపోతుంది. విండో మేనేజర్‌ను గుర్తు లేకుండా మొదటి పంక్తిలో రాస్తే, అది ముగిసేవరకు టెర్మినళ్లు తెరుచుకోవు. కొత్తవారిని నిలిపివేసే చిక్కుల్లో ఎక్కువ భాగం ఈ రెండే.

విండో మేనేజర్లలో డీడబ్ల్యుఎమ్ మిక్కిలి చిన్నది. దాని మూలం రెండు వేల పంక్తులు దాటరాదన్నది రూపకర్తల నియమం. అయితే ఒక కీని మార్చాలన్నా సి భాషలోని మూలాన్ని సవరించి తిరిగి కంపైల్ చేయవలసి ఉంటుంది. పలువురు పనిచేసే కార్యాలయ యంత్రానికి, అమరికను సాధారణ పాఠ్య ఫైలులో ఉంచే ఐ3 మేలని నా అభిప్రాయం.

టెర్మినల్ ఎంపికలో తెలుగు ఒక ప్రత్యేక సమస్య. టెర్మినల్ తెరను సమాన వెడల్పు గల గడులుగా లెక్కిస్తుంది. మన కంటికి మొక్కజొన్న నాలుగు అక్షరాలు. టెర్మినల్ మాత్రం మ, క, క, జ, న, న అనే ఆరు హల్లులకు ఆరు గడులు కేటాయిస్తుంది. వీటి మధ్యనున్న ఒత్వానికి, పొల్లుకు విడిగా గడి ఇవ్వదు. వరికి రెండు గడులు చాలు. అందువల్ల పంటల పేర్లను తెలుగులో రాసిన పట్టికలో ఖాళీలు అసమానంగా కనిపిస్తాయి. వత్తులను కలిపి చూపని ఎక్స్‌టర్మ్‌లో చదవడమే కష్టం. భారతీయ లిపులను దృష్టిలో ఉంచుకున్న ఎమ్‌ఎల్‌టర్మ్ ఇంతకంటే మెరుగు. అయినా దత్తాంశ ఫైలులో రకాలకు, చర్యలకు సంకేత సంఖ్యలు వాడి, తెలుగు పేర్లను గ్రాఫ్‌లకు, నివేదికలకు పరిమితం చేయడం ఉత్తమం. ఆర్ కైరో పద్ధతిలో గీసే గ్రాఫ్‌లకు పాంగో తోడైతే, తెలుగు ఫాంటు ఉన్న యంత్రంలో అక్షరాలు సరిగానే కూడుతాయి.

దూరపు సర్వర్‌పై దీర్ఘ విశ్లేషణ నడిపేటప్పుడు టీమక్స్‌ను ఆ సర్వర్‌లోనే ప్రారంభించాలి. కేంద్రంలో విద్యుత్తు పోయినా, అనుసంధానం తెగినా పని అక్కడ కొనసాగుతుంది. మళ్లీ చేరినప్పుడు అదే స్థితి కనిపిస్తుంది. అయితే సర్వర్ నుంచి మన తెరపైకి తెచ్చుకున్న గ్రాఫ్ విండోకు ఈ రక్షణ లేదు. అది మన యంత్రంలోని ఎక్స్ సర్వర్‌పై ఆధారపడినది గనుక అనుసంధానంతో పాటే పోతుంది. అటువంటి పనుల్లో గ్రాఫ్‌ను నేరుగా ఫైలులోకి రాయించి, తరువాత తెచ్చుకోవాలి.