కుందేలు నీళ్లు ఎక్కువగా తాగుతోందా? షుగరు అని తొందరపడకండి

షుగరు జబ్బు గుర్తులు ఈ రోజుల్లో తెలియని ఇల్లు లేదు. దాహం ఎక్కువ, మూత్రం ఎక్కువ, తిన్నా చిక్కిపోవడం. అందుకే పిల్లలు ముద్దుగా పెంచుకునే కుందేలు గిన్నెడు నీళ్లు ఖాళీ చేసి, గూడంతా తడిపి, నిమిరితే వెన్నెముక చేతికి తగిలేలా అయిపోతే, "దీనికీ షుగరు వచ్చిందేమో" అని పెద్దలకు అనుమానం కలుగుతుంది. కుక్కలకు, పిల్లులకు మధుమేహం వస్తుంది. కుందేళ్లకు మాత్రం చాలా అరుదు. ఆ గుర్తుల వెనుక ఎక్కువగా వేరే జబ్బులు ఉంటాయి. వాటిలో కొన్నింటికి ఒక రోజు ఆలస్యమైనా ప్రాణాపాయమే.

ఇంట్లో తాతగారి గ్లూకోమీటరుతో కుందేలుకు పరీక్ష చేయాలని కొందరికి తోస్తుంది. ఆ అంకెను నమ్మి నిర్ణయం తీసుకోకూడదు. ఆరోగ్యంగా ఉన్న కుందేలుకు 100 మి.లీ. రక్తంలో సుమారు 75 నుండి 150 మి.గ్రా. చక్కెర ఉంటుంది. అయితే ఇది పిరికి జంతువు. గట్టిగా పట్టుకుని సూది గుచ్చితే చాలు, ఆ భయానికే చక్కెర బాగా పెరిగిపోతుంది. నొప్పి ఉన్నా పెరుగుతుంది. బ్రిటన్‌కు చెందిన పశువైద్యురాలు ఫ్రాన్సిస్ హార్‌కోర్ట్ బ్రౌన్, మరొకరు కలిసి 907 పెంపుడు కుందేళ్ల రక్త పరీక్షలను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించారు. పేగుకు అడ్డం పడిన కుందేళ్లలో చక్కెర చాలా ఎక్కువగా కనిపించింది. అంటే పెద్ద అంకె కనిపించినప్పుడు అనుమానించవలసింది మధుమేహాన్ని కాదు, ముందుగా పేగును.

ఇంట్లోని ఇన్సులిన్ దానికి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయరాదు. 1922లో కెనడా దేశంలోని టొరంటోలో ఇన్సులిన్ బలాన్ని కుందేళ్ల మీదే కొలిచేవారు. పస్తు ఉంచిన 2 కిలోల కుందేలు చక్కెరను మూర్ఛ వచ్చే స్థాయికి, అంటే 45 మి.గ్రా.కు దించే మోతాదును మొదట ఒక యూనిట్ అన్నారు. తరువాత ఆ యూనిట్‌ను తగ్గించి స్థిరపరచారు. మనలో ఎందరో రోజూ వేసుకునే మందుకు తూనికరాయి ఆ చిన్న ప్రాణి అన్నమాట. ఒక మనిషి ఒక పూటకు వేసుకునే మోతాదు దానికి ఏమి చేస్తుందో మీరే ఊహించండి. షుగరు మాత్రలు, కాకర రసం, పొడపత్రి కూడా వద్దు. నోటి ద్వారా ఇచ్చే అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి మందులు కుందేలు పేగులోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపి ప్రాణం మీదికి తెస్తాయి. కాబట్టి ఇంట్లో మిగిలిన క్యాప్సూల్స్ వేయకండి.

మరి ఏమి చూడాలి? మొదట నీళ్లు కొలవండి. రెండు రోజులపాటు గుర్తులున్న సీసాతో నీళ్లు పోసి, ఎంత తగ్గిందో రాసిపెట్టుకోండి. కిలో బరువుకు రోజుకు 50 నుండి 150 మి.లీ. వరకు మామూలే. పచ్చగడ్డి తింటే తక్కువ తాగుతుంది. ఎండు మేత మీద ఉంటే, లేదా మన పార్వతీపురం మే నెల ఎండల్లో, ఎక్కువ తాగుతుంది. అంతకు మించి తాగుతూ బరువు తగ్గుతుంటే మూత్రపిండాల జబ్బు ఉందేమో చూపించాలి. ఎన్‌సెఫాలిటోజూన్ అనే సూక్ష్మజీవి మూత్రపిండాలతోపాటు మెదడునూ దెబ్బతీస్తుంది. అప్పుడు తల ఒక పక్కకు వాలిపోవచ్చు.

మూత్రం రంగు చూసి కంగారుపడేవారు చాలామంది. సున్నపు నీళ్లలా తెల్లగా రావడం కుందేలుకు సహజం, తిన్న సున్నం అలా పోతుంది. కొన్ని ఆకులు తింటే నారింజ, ఎరుపు రంగుల్లోనూ వస్తుంది. కాని ముక్కుతూ బొట్లు బొట్లుగా పోస్తున్నా, ముద్దలాగా పడుతున్నా మూత్రాశయంలో రాయి ఉండవచ్చు.

చిక్కిపోవడానికి మరో పెద్ద కారణం పళ్లు. కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి నమిలితేనే అరుగుతాయి. బిస్కెట్లు, అన్నం, అరటిపండు పెట్టి పెంచితే అరగక, లోపలి దంతాలు ముళ్లలా పెరిగి నాలుకను, బుగ్గను గుచ్చుతాయి. పాపం, ఆకలితో మేత దగ్గరకు వచ్చి, వాసన చూసి వెనక్కి పోతుంది. గడ్డం తడిగా ఉంటుంది. క్యారెట్ కూడా తీపి దుంపే, రోజూ పెట్టేది కాదు. గరిక, ఎండుగడ్డి ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కొత్తిమీర, ముల్లంగి ఆకు కొంచెం చాలు.

అన్నిటికంటే ముఖ్యమైనది పెంటికలు. పొద్దున్న గూడు ఊడ్చేటప్పుడు గమనించండి. గుండ్రంగా, సమానంగా, బోలెడన్ని ఉంటే పేగు బాగున్నట్టు. చిన్నవై, తగ్గిపోయి, 12 గంటలు ఏమీ తినకుండా మూల కూర్చుంటే అది అత్యవసరం. కుందేలును పస్తు పెట్టకూడదు. బాగా లావుగా ఉన్నది మేత మానేస్తే కాలేయానికి కొవ్వు పట్టి, మూత్రంలో కీటోన్లు కనబడతాయి. ఇది కూడా షుగరు లాగే భ్రమింపజేస్తుంది.

చూపించడానికి వెళ్లేటప్పుడు గాలి ఆడే బుట్టలో గడ్డి వేసి, పైన గుడ్డ కప్పి, ఎండ ఎక్కకముందే బయలుదేరండి. దారిలోనూ మేత ఉండనివ్వండి. రాసుకున్న నీళ్ల లెక్క, ఆ రోజు పెంటికలు కొన్ని కాగితంలో, వీలైతే శుభ్రమైన సీసాలో కాస్త మూత్రం తీసుకెళ్లండి. పట్టణంలోని పశువైద్యశాలలో ముందు చూపించి, అవసరమైతే గరివిడి పశువైద్య కళాశాలకు వెళ్లవచ్చునా అని డాక్టరుగారినే అడగండి. వరండాలో కుక్కలు ఉంటే మీ వంతు వచ్చేవరకు బుట్టను దూరంగా, నీడలో ఉంచండి.