గాలిమరల కింద రాయలసీమ

నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం నుంచి మోసుకొచ్చే తేమలో సింహభాగాన్ని పడమటి కనుమల మీదే కురిపించి, ఆ తరువాత పొడిగాలులుగా కర్ణాటక పీఠభూమిని దాటి రాయలసీమలోకి ప్రవేశిస్తాయి. దేశంలో అతి తక్కువ వర్షం పడే ప్రాంతాల్లో అనంతపురం ఒకటి కావడానికీ, అక్కడి కొండలు గాలిమరలకు అనువైనవిగా పేరు తెచ్చుకోవడానికీ మూలం ఈ గాలుల నడకలోనే ఉంది. రామగిరి, కడవకల్లు కొండల మీద 1990లలో మొదలైన గాలిమరల ఏర్పాటు ఆ తరువాత ఉరవకొండ చుట్టుపక్కలకూ కర్నూలు మెట్టలకూ విస్తరించి, నేడు ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్తు స్థాపిత సామర్థ్యం సుమారు 4,000 మెగావాట్లకు చేరింది. 2025 మార్చి నాటికి దేశం మొత్తం మీద ఇది 50,000 మెగావాట్లు దాటింది. ఈ విద్యుత్తు మేలు చేస్తుందా కీడు చేస్తుందా అన్న ప్రశ్నకు ఒక్కమాటలో జవాబు దొరకదు. దాని లాభం ఒకరికి దక్కితే భారం మరొకరి మీద పడుతుంది, లాభం ఒక వేళ వస్తే ఖర్చు ఇంకో వేళ వస్తుంది.

గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిదింతలవుతుందన్నది ఈ రంగానికంతటికీ ఆధారమైన సూత్రం. సెకనుకు 4 మీటర్ల వేగంతో వీచే గాలికంటే 8 మీటర్ల వేగంతో వీచే గాలి ఎనిమిది రెట్లు విలువైనది కాబట్టి, సంస్థలు స్థలం ఎంపికలో అంత పట్టింపు చూపుతాయి. రెక్క పొడవు రెండింతలైతే ఆ రెక్కలు తిరిగే వలయం వైశాల్యం నాలుగింతలవుతుంది, పైకి పోయేకొద్దీ గాలి వేగం కూడా పెరుగుతుంది, అందుకే కొత్త గాలిమరలు నానాటికీ ఎత్తుగా, పొడవాటి రెక్కలతో వస్తున్నాయి. చెన్నైలోని జాతీయ పవనశక్తి సంస్థ అంచనా ప్రకారం నేల నుంచి 100 మీటర్ల ఎత్తున ఆంధ్రప్రదేశ్‌లో 44,000 మెగావాట్ల అవకాశం ఉంటే, 120 మీటర్ల ఎత్తున అది దాదాపు 75,000 మెగావాట్లు. అయితే గాలిలోని శక్తినంతా పిండుకోవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు. అలా పిండుకుంటే రెక్కల వెనక గాలి పూర్తిగా నిలిచిపోయి, ముందు నుంచి వచ్చే గాలికి దారి ఉండదు. ఈ పరిమితి 59.3 శాతమని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లో లెక్కగట్టారు.

సెకనుకు దాదాపు 3 మీటర్ల వేగం అందితే తప్ప గాలిమర విద్యుత్తు ఇవ్వదు, 25 మీటర్లు మించితే విరిగే ప్రమాదం ఉన్నందున దానంతటదే ఆగిపోతుంది. ఈ కారణాల వల్ల స్థాపిత సామర్థ్యానికీ వాస్తవ ఉత్పత్తికీ మధ్య పెద్ద తేడా ఉంటుంది. 2 మెగావాట్ల గాలిమర 24 గంటలూ పూర్తి శక్తితో తిరిగితే 48,000 యూనిట్లు రావాలి, కానీ ఏడాది సగటున అందులో నాలుగో వంతు వచ్చినా మంచి స్థలమనే చెప్పుకోవాలి. పత్రికల్లో వచ్చే మెగావాట్ల అంకెలను చదివేటప్పుడు పాఠకులు ఈ సంగతిని గుర్తుంచుకోవడం అవసరం.

లాభాల్లో ఎక్కువగా వినిపించేది కర్బన ఉద్గారాల తగ్గింపు. యంత్రం తయారీ నుంచి తొలగింపు దాకా అన్నీ కలిపి చూస్తే, ఒక యూనిట్ విద్యుత్తుకు బొగ్గు సుమారు 820 గ్రాముల కర్బన వాయువులకు కారణమవుతుండగా గాలి 11 గ్రాములకే కారణమవుతుందని వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2014లో లెక్కచెప్పింది. రాయలసీమకు సంబంధించినంత వరకు అంతకంటే దగ్గరి లాభం నీరు. థర్మల్ కేంద్రాలు ఒక మెగావాట్ గంటకు, అంటే వెయ్యి యూనిట్లకు, 3.5 ఘనపు మీటర్లకు మించి నీరు వాడరాదని కేంద్ర పర్యావరణ శాఖ 2015లో పరిమితి విధించింది, అంటే నిబంధన పాటించినా యూనిట్‌కు మూడున్నర లీటర్ల దాకా ఖర్చవుతుందన్నమాట. 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ కేంద్రం కడప జిల్లాలో, అసలే నీటికి కటకటలాడే నేల మీద నడుస్తోంది. బొగ్గు రావాలి, నీరు కావాలి, బూడిద పోసేందుకు చెరువు కావాలి. గాలిమరకు ఈ మూడింటితోనూ పని లేదు.

భారం మొదట కనబడేది గ్రిడ్‌లో. ఉత్పత్తి కేంద్రాలనూ వినియోగదారులనూ కలిపే ఈ తీగల వ్యవస్థలో ఏ క్షణానికి ఎంత వాడకం ఉంటే ఆ క్షణానికి అంతే ఉత్పత్తి ఉండాలి, లేకుంటే సెకనుకు 50 ఆవర్తనాల దగ్గర నిలవాల్సిన ఫ్రీక్వెన్సీ తప్పుతుంది. గాలి ఎప్పుడు వీయాలో, ఎప్పుడు తగ్గాలో లోడ్ డిస్పాచ్ కేంద్రం ఆదేశించలేదు. దానికి తోడు, సౌర విద్యుత్తు మధ్యాహ్నం వెల్లువెత్తి, ఇళ్లలో దీపాలు వెలిగే వేళకు సున్నా అవుతుంది. వానాకాలంలో మబ్బులు కమ్మి సౌర విద్యుత్తు తగ్గే నెలల్లోనే గాలి జోరుగా వీయడం ప్రకృతి చేసిన ఉపకారమే అయినా, చలికాలం సాయంత్రాల లోటు అలాగే మిగిలిపోతుంది. ఆ లోటు పూడ్చడానికి బొగ్గు కేంద్రాలను సిద్ధంగా ఉంచాలి, వాటిని తగ్గించి నడిపినా వాటికి కట్టాల్సిన స్థిర ఛార్జీలు తగ్గవు. గాలి విద్యుత్తు ధరలో ఈ ఖర్చు కనిపించదు గానీ, వినియోగదారుడి బిల్లులో కనిపిస్తుంది.

దీనికి తెలుగు నేలలో చాలాకాలంగా తెలిసిన పరిష్కారం ఒకటి ఉంది. నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమ గట్టునా ఉన్న రివర్సిబుల్ టర్బైన్లు నీరు కిందికి దూకేటప్పుడు విద్యుత్తు ఇస్తాయి, కరెంటు మిగులుగా ఉన్న వేళ అదే నీటిని తిరిగి పైకి తోడతాయి. ఇదే పద్ధతిలో నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల ప్రాజెక్టును, ఎగువన ఒకటి, దిగువన ఒకటి రెండు జలాశయాలతో, నది ప్రవాహానికి దూరంగా చేపట్టారు. ఒకసారి నింపిన నీరే పైకీ కిందికీ తిరుగుతుంది కాబట్టి ఆవిరయ్యేంత మేర నింపితే చాలు. తోడటానికి వాడిన విద్యుత్తులో తిరిగి వచ్చేది 75 నుంచి 80 శాతమే అయినా, మధ్యాహ్నం వృథా కాబోయే యూనిట్ సాయంత్రానికి దక్కుతుందంటే అది నష్టం కింద లెక్కకాదు.

ధర విషయంలో జరిగిన వివాదం ఈ రంగపు బలహీనతను బయటపెట్టింది. ఆంధ్రప్రదేశ్ పంపిణీ సంస్థలు యూనిట్‌కు 4 రూపాయల 80 పైసలకు పైగా చెల్లించేలా పాతికేళ్ల ఒప్పందాలు కుదుర్చుకున్న కొంతకాలానికే, 2017లో దేశంలో జరిగిన వేలంపాటల్లో పవన విద్యుత్తు ధర మొదట 3.46కు, ఏడాది చివరికి 2.43కు పడిపోయింది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం పాత ఒప్పందాల పునఃసమీక్షకు కమిటీని వేసింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది, చివరకు 2022 మార్చిలో ఒప్పందంలోని ధరే చెల్లించాలని తీర్పు వచ్చింది. ఎక్కువ ధర మోస్తున్న ప్రజల తరఫున ప్రభుత్వం అడగడంలో న్యాయం లేకపోలేదు. కానీ ఇంధన ఖర్చు లేని ఈ వ్యాపారంలో పెట్టుబడి దాదాపు అంతా మొదటే, అదీ అప్పుగా వస్తుంది. ఒప్పందం మారుతుందన్న భయం కలిగితే బ్యాంకులు వడ్డీ పెంచుతాయి, ఆ వడ్డీ తరువాతి యూనిట్ ధరలోకి చేరుతుంది.

పర్యావరణానికి మేలు చేసే యంత్రం పర్యావరణానికి హాని చేయదని అనుకోవడానికి వీల్లేదని మహారాష్ట్రలోని సతారా జిల్లా చాల్కేవాడి పీఠభూమి చెబుతోంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు అక్కడ చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. గాలిమరలున్న చోట డేగల వంటి వేట పక్షులు, లేని చోటితో పోలిస్తే దాదాపు నాలుగో వంతుకు తగ్గిపోయాయి. తినేవి తగ్గడంతో నేల మీది తొండలు బాగా పెరిగాయి. అవి మనిషి దగ్గరికి వచ్చేదాకా పరుగెత్తకుండా ఉండిపోతున్నాయనీ, తిండికి పోటీ పెరిగి చిక్కిపోయాయనీ, ఆడతొండలను ఆకర్షించడానికి మగవాటి గొంతు కింద విచ్చుకునే తిత్తి రంగులు కూడా వెలిశాయనీ పరిశోధకులు గమనించారు. రెక్కల్లో పడి చచ్చిన పక్షుల లెక్క మాత్రమే తీసుకుంటే ఇంత లోతైన మార్పు ఎన్నటికీ తెలిసేది కాదు. నంద్యాల జిల్లా రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటైన అభయారణ్యం చుట్టూ కూడా గడ్డిమైదానాలే ఉన్నాయి. బరువైన ఈ పక్షికి ఎదురుగా ఉన్నది సరిగా కనిపించదు కాబట్టి గాలిమరలకంటే వాటి నుంచి పోయే హైటెన్షన్ తీగలే దానికి ఎక్కువ ప్రాణాంతకం. ఖాళీగా కనిపించే మెట్టను బంజరుగా రాసుకునే రెవెన్యూ అలవాటు ఇలాంటి జీవుల పాలిట శాపం.

ఆ అలవాటు మనుషుల మీదా పనిచేస్తుంది. గాలిమర పునాదికీ దారికీ పోయే నేల తక్కువే, చుట్టూ వేరుశనగ వేసుకోవచ్చు, గొర్రెలు మేపుకోవచ్చు. సౌర పార్కు అలా కాదు. ఉమ్మడి కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గరి 1,000 మెగావాట్ల పార్కు సుమారు 6,000 ఎకరాలను కంచె లోపలికి తీసుకుంది. రామగుండం థర్మల్ కేంద్రం జలాశయం మీద 2022లో పూర్తయిన 100 మెగావాట్ల తేలియాడే పలకల వంటివి భూమి ఒత్తిడిని కొంత తగ్గించగలవు గానీ, అన్నిచోట్లా జలాశయాలుండవు. భూమిని కొనకుండా కౌలుకు తీసుకునే దారిని అనంతపురం సరిహద్దును ఆనుకునే ఉన్న కర్ణాటకలోని పావగడ చూపింది. అక్కడ దాదాపు 13,000 ఎకరాలకు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, కాలక్రమేణా పెరిగేలా కౌలు నిర్ణయించారు. వానను నమ్ముకుని వేరుశనగ వేసే రైతుకు అది నిలకడైన రాబడి, భూమి మీద హక్కూ పోదు. ఆ కౌలు పట్టాదారుకే అందుతుంది. అదే పొలంలో కలుపు తీసి, కాయ ఒలిచి బతికిన కూలీకి, కోత తరువాత మంద తోలుకునే కాపరికి అందులో వాటా లేదు. కౌలులో కొంత భాగాన్ని పంచాయతీ ద్వారా వీరికి చేర్చడం, మేతబీళ్లను కంచెకు బయటే ఉంచడం వంటి షరతులను ఒప్పందం రాసేనాడే చేర్చడం కష్టమేమీ కాదు, కంచె పడ్డాక మాత్రం వాటిని అడిగే అవకాశం ఆ కూలీకీ కాపరికీ మిగలదు.