మైదా లేని ఖీమా పరోటా
రహదారి హోటల్లో ‘షుగరు’ డ్రైవర్లకు కొత్త వంట

డోన్: కర్నూలు నుంచి గుత్తి వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి పక్కన రాత్రి తొమ్మిది దాటితే లారీల వరుస మొదలవుతుంది. డ్రైవర్లు దిగీ దిగకముందే వేసే కేక ఒక్కటే: “భాయ్, రెండు ఖీమా పరోటా!” పట్నాల్లో రెండు రొట్టెముక్కల నడుమ వేడి మాంసం పెట్టి శాండ్‌విచ్ అంటారు. మన రోడ్ల మీద ఆ పని పరోటా చేస్తున్నది. మైదాముద్దను పల్చగా విసిరి, నడుమ ఖీమా పరిచి, నాలుగంచులు మడిచి, నూనెలో ఎర్రగా కాల్చి ఇస్తే వద్దనే డ్రైవరు అరుదు.

ఇక్కడి ఒక చిన్న హోటల్లో మాత్రం ఇటీవల మరో కేక వినిపిస్తున్నది. “భాయ్, ఒక షుగరు పరోటా!” పేరు విని ఇదేదో తీపి పదార్థం కాబోలని ఈ విలేఖరి అనుకున్నాడు. తీరా చూస్తే అందులో చక్కెర లేదు, పరోటా కూడా లేదు. మైదాకు బదులు కోడిగుడ్ల అట్టు, లోపల మాత్రం అదే ఖీమా. చక్కెర వ్యాధి ఉన్న డ్రైవర్ల కోసం మాస్టరు దీనిని చేసిపెడుతున్నాడు.

దీనిని మొదట అడిగి చేయించుకున్నది దగ్గరి పల్లెకు చెందిన 52 ఏళ్ల లారీ డ్రైవరు. ఆయనకు ఆరేళ్లుగా షుగరు ఉన్నది. కొన్నేళ్ల కిందట అన్నం, రొట్టె మాని కొబ్బరినూనె, మాంసం, గుడ్లు తినే పథ్యం మన పల్లెల్లో ఊరూరా పాకిన సంగతి పాఠకులకు తెలిసినదే. తోటి డ్రైవర్లు చెప్పగా ఆయన కూడా ఒక సోమవారం నుంచి అన్నం, రొట్టె, పరోటా మూడూ ఒకేసారి మానేశారు. మాత్రలు మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటూ వచ్చారు. మూడోరోజు ఉదయం ప్యాపిలి దాటిన తర్వాత స్టీరింగు పట్టిన చేతులు వణికాయి. ఒళ్లంతా చెమటలు పోసి, ఎదురుగా వచ్చే బండి రెండు బండ్లుగా కనిపించింది.

“లోడు బండి. ఎట్ల పక్కకు తీసినానో నాకే తెలీదు” అని ఆయన ఈ విలేఖరితో అన్నారు. క్లీనరు టీకొట్టుకు పరుగెత్తి చక్కెర నీళ్లు తెచ్చి తాగించాడు. పావుగంటకు మనిషి తేరుకున్నాడు.

ఆ సాయంత్రం డాక్టరు చెప్పినదేమంటే, మాంసం తినడం తప్పు కాదు, పిండి మానడమూ తప్పు కాదు, పిండి మానిన సంగతి మాత్రలు ఇచ్చిన వైద్యునికి చెప్పకపోవడమే తప్పు. గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ ఇంజెక్షన్లు మనిషి తిన్నాడా లేదా అని చూడవు. రక్తంలోని చక్కెరను దించడమే వాటి పని. కడుపులో అన్నమూ రొట్టే లేనప్పుడు పాత మోతాదులో వేసుకుంటే చక్కెర 70 కంటే కిందికి పడిపోతుంది. ఇంట్లో పడిపోతే మంచం మీద పడతాము, లారీలో ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆయనకు మాత్ర మోతాదు తగ్గించి, వారం వారం పరీక్ష చేయించుకొమ్మని డాక్టరు చెప్పి పంపారు.

దోషం మాంసానిది కాదు

షుగరు వచ్చినవాడు మాంసం ముట్టరాదని పల్లెల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. మాంసంలో పిండిపదార్థం లేదనే చెప్పవచ్చు. ఒక గుడ్డులో ఒక గ్రాముకు మించదు. చక్కెరను పెంచేది పైనున్న మైదా తొడుగు. నూరు గ్రాముల మైదాలో సుమారు 75 గ్రాములు పిండిపదార్థమే. హోటలు మాస్టరు పరోటాకు తీసుకునే ముద్దను ఈ విలేఖరి పక్క కిరాణా కొట్టు కాటాలో పెట్టించగా 80 గ్రాములు తూగింది. అందులో నీళ్లూ నూనే పోగా మైదా 50 గ్రాములు అనుకున్నా, రెండు పరోటాలకు 75 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోతున్నట్లు. గుడ్డు అట్టులో చుట్టిన ఖీమాలో ఉల్లిగడ్డ, మసాలా అన్నీ కలిపినా పది గ్రాములు దాటడం కష్టం.

ఇది కొత్త విద్య కూడా కాదు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో ఇన్సులిన్ కనుగొనక ముందు ఈ వ్యాధికి వైద్యుల చేతిలో ఉన్నది పథ్యమే. స్కాట్లాండుకు చెందిన జాన్ రోలో అనే సైనిక వైద్యుడు ఒక సైనికాధికారికి మాంసాహారం పథ్యంగా పెట్టి ఆ వివరాలను 1797లో అచ్చువేయించాడు.

జొన్నరొట్టె సంగతి

ఈ మాట రాస్తే మన జిల్లాలో కొందరికి కోపం రావచ్చు. “పరోటా వద్దు సరే, జొన్నరొట్టెకు ఏమయింది? ఎన్ని తిన్నా షుగరు రాదు గదా!” అని ఈ విలేఖరిని నలుగురైదుగురు అడిగారు. నూరు గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, జొన్నల్లో 68, రాగుల్లోనూ ఇంచుమించు అంతే ఉంటుంది. జొన్నలో పీచు ఎక్కువ. నూరు గ్రాములకు పది గ్రాముల దాకా ఉంటుంది కనుక చక్కెర నిదానంగా ఎక్కుతుంది. అది మేలే. అయితే నిదానంగా ఎక్కడం వేరు, అసలు ఎక్కకపోవడం వేరు. మధ్యాహ్నం మూడు పెద్ద జొన్నరొట్టెలు తిని “నేను అన్నం మానేసినాను” అని చెప్పుకునేవారు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. రొట్టె మంచిదే, లెక్క లేకపోవడమే చెడ్డది.

భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా చక్కెర వ్యాధి ఉన్నది. మనం తినే తిండి నుంచి వచ్చే శక్తిలో నూటికి అరవై పాళ్లకు పైగా పిండిపదార్థాల నుంచే వస్తున్నదని కూడా ఆ అధ్యయనంలో తేలింది.

చేసే విధం

ఇద్దరికి పావు కిలో ఖీమా, నాలుగు గుడ్లు చాలు. ఖీమాను జల్లెడలో కడిగి నీరంతా ఓడ్చాలి. ఒక ఉల్లిగడ్డ, మూడు పచ్చిమిరపకాయలు సన్నగా తరిగి రెండు చెంచాల నూనెలో వేయించి, అల్లం వెల్లుల్లి ముద్ద, పసుపు, ఉప్పు, కారం వేసి, ఖీమా కలిపి కుక్కర్లో నాలుగు కూతలు రానివ్వాలి. వేరే నీళ్లు పోయనక్కరలేదు, ఖీమాలోనుంచే నీరు ఊరుతుంది. మూత తీశాక ఆ నీరంతా ఇగిరిపోయి, గరిటెకు పొడిపొడిగా రాలేదాకా వేయించాలి. మన ఇళ్లలో కూర చిక్కబడడానికి పుట్నాల పొడి వేయడం అలవాటు. ఇక్కడ అది వద్దు, దానిలోనూ పిండి ఉన్నది. దానికి బదులు రెండు చెంచాల ఎండుకొబ్బరి పొడి, ధనియాల పొడి, కొత్తిమీర వేసి దించాలి. ఆలుగడ్డ, బటానీ కలపరాదు. గోంగూర పడేవారు గుప్పెడు ఆకు వేసుకుంటే పులుపు చక్కగా పడుతుంది.

అసలు చిక్కంతా అట్టు దగ్గరే ఉన్నది. మొదటి వారమంతా ఒక్కటీ సరిగా రాలేదని మాస్టరు నవ్వుతూ ఒప్పుకున్నాడు. మైదా సాగుతుంది, గుడ్డు సాగదు. మడవబోతే చిరిగి ఖీమా పెనం పాలయ్యేది. తర్వాత ఆయన కనిపెట్టిన ఉపాయం ఇది. రెండు గుడ్లను చిటికెడు ఉప్పు, ఒక చెంచా నీళ్లు వేసి బాగా గిలకొట్టాలి. అందులో రెండు చెంచాలు పక్కన తీసిపెట్టుకోవాలి. జొన్నరొట్టెల పెనం మీద నూనె రాసి, సన్నని సెగ మీద మిగిలినదాన్ని పల్చగా పోసి మూత పెట్టాలి. అడుగు గట్టిపడి, పైన ఇంకా కొంచెం తడి ఉండగానే ఖీమా నడుమ పరచాలి. ఖీమా పొగలు కక్కుతూ ఉండరాదు, గోరువెచ్చగా ఉండాలి. నాలుగంచులు మడిచి, దాచిన గుడ్డు సొనను మడతల మీద పూస్తే అదే బంకలాగా అతుక్కుంటుంది. అప్పుడు వెడల్పాటి అట్లకాడతో ఒక్క ఊపున తిరగవేయాలి. భయపడి సగంలో ఆపితే చిరుగుతుంది. ఈ విలేఖరి ఇంట్లో చేసిన మొదటిది అట్లాగే పోయింది. పళ్లెంలో వేసి ఖీమా పొరటు అని చెప్పి వడ్డించవలసి వచ్చింది.

గుడ్డు చిరగకుండా ఒక చెంచా మైదానో, సెనగపిండినో కలిపే హోటళ్లు లేకపోలేదు. ఎదుట నిలబడి చేయించుకోవడం మంచిది. గుడ్డు వద్దనేవారు క్యాబేజీ పైఆకులను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు ముంచి, మెత్తబడ్డాక లావు ఈనెను చెక్కి, అందులో ఖీమా చుట్టుకోవచ్చు. రుచి సంగతి అడిగితే, పరోటా తిన్న నోటికి అది ఆనదు. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి గనుక చెబుతున్నాము.

మరొక వింత కూడా కళ్లారా చూశాము. షుగరు పరోటా తెప్పించుకున్న ఒక పెద్దమనిషి దానితో పాటు కూల్‌డ్రింకు సీసా తెరిచాడు. పావు లీటరు సీసాలో ఐదారు చెంచాల చక్కెర ఉంటుంది. మాస్టరు ఏమీ అనలేక సీసా వంక, ఆయన వంక చూసి ఊరుకున్నాడు.

ఎవరు చేయరాదు

మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, గర్భిణులు, ఇన్సులిన్ మీదే బతికే పిల్లలు వైద్యుని అడగకుండా ఇటువంటి పథ్యం మొదలుపెట్టరాదు. డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు పిండి పూర్తిగా మానితే రక్తంలో ఆమ్లాలు పెరిగి వాంతులు, ఆయాసం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మిగిలినవారైనా మాత్రల చీటీ పట్టుకొని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి “నేను అన్నం తగ్గిస్తున్నాను, మాత్ర ఎంత వేసుకోవాలి?” అని ముందుగా అడగాలి. షుగరు పరీక్ష అక్కడ ఉచితమే. వణుకు, చెమట, కళ్లు మసకలు వస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. బండి నడుపుతున్నవారు ముందు బండి ఆపాలి. మన డ్రైవరు ఇప్పుడు జేబులో గ్లూకోజు పొట్లం లేకుండా బండి ఎక్కడం లేదు.

ఇక ఖర్చు. వేటమాంసం కిలో ఎనిమిది వందలు దాటిన రోజుల్లో పల్లెలో ఎవరు రోజూ తినగలరు? రేషను బియ్యం దాదాపు ఊరకే వస్తుంది, గుడ్డు మాత్రం కొనాలి. చక్కెర వ్యాధి పేదవానికి వస్తే వానికి చౌకగా దొరికేది వానికి పడని తిండే. కోడి ఖీమా కొంత చౌక. రెండు గుడ్లలో వేయించిన వంకాయో, బచ్చలి ఆకో చుట్టుకున్నా పని జరుగుతుంది. హోటల్లో కూడా షుగరు పరోటా మామూలు పరోటా కన్నా ఎక్కువ ధరే. ఒక డ్రైవరు దాని మీద తగవు పెట్టుకున్నాడు. “మైదా తీసేస్తివి, ధర పెంచితివి, ఇదేం న్యాయం భాయ్?”

“మైదా బస్తాలో వస్తుందన్నా, గుడ్డు కోడి పెట్టాల గదా” అంటూ మాస్టరు పెనం మీద నూనె రాశాడు. డ్రైవరు గొణుగుతూనే రెండోది చెప్పాడు.